విదేశములందు బాడుగ యిల్లు: వంచనకు లోనుకాకుండుటకు మార్గములు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నది మన పెద్దల మాట. స్వగ్రామములో, బంధువుల నడుమ, నేలను చేతితో తాకి చూచి కట్టుకొను ఇంటికే అంతటి శ్రమ కలదని దాని భావము. ఇక సముద్రములకు ఆవల, కంటితో చూడని వీధిలో, ముఖపరిచయము లేని వ్యక్తి వద్ద ఒక గదిని బాడుగకు తీసుకొనుట ఎంతటి పనియో వేరుగా చెప్పనక్కరలేదు. అయినను నేడు పై చదువులకై విదేశములకు పోవు మన విద్యార్థులలో అనేకులు విమానము ఎక్కుటకు ముందే ఈ పనిని ముగించుకొనవలసి వచ్చుచున్నది. ఆ తొందరలో కొందరు మోసపోవుచున్నారు. ఆ మోసము ఎట్లు జరుగునో, దానినుండి తప్పించుకొను ఉపాయము లేవియో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన వడమాలపేట తిరుపతి నుండి పుత్తూరు, నగరి మీదుగా చెన్నపట్టణమునకు పోవు రహదారిపై నున్నది. మన ముందు తరము వారికి దూరప్రయాణ మనగా మదరాసు లేక బెంగళూరు. అక్కడ మన ఊరివాడో, పక్క ఊరివాడో ఒకడు ఉండనే ఉండును. రెండు రాత్రులు వాని గదిలో తలదాచుకొని, మూడవనాడు వీధులు తిరిగి, 'టు లెట్' పలక చూచి, ఇంటివారితో ముఖాముఖి మాటలాడి, బావిలో నీరున్నదో లేదో చూచి, అటు పిమ్మట అడ్వాన్సు ఇచ్చెడివారు. ఆ పద్ధతిలో మూడు రక్షణలు ఉండినవి: ఇంటిని చూచుట, మనిషిని చూచుట, నడుమ తెలిసినవాడు ఒకడుండుట. విదేశమునకు పోవు విద్యార్థికి ఈ మూడును ఒక్కసారిగా తొలగిపోవుచున్నవి. వంచకునికి కావలసినది ఈ లోపమే.

చిరునామా విలువ

బాడుగ మోసములో పోవునది డబ్బు మాత్రమే అనుకొనుట పొరపాటు. విదేశములో చిరునామా యనునది చట్టము ఎదుట మనము ఇచ్చు వాఙ్మూలము వంటిది. అమెరికాలో విద్యార్థి వీసాపై నున్నవారు ఇల్లు మారిన 10 దినములలోపల తమ నూతన చిరునామాను తెలియజేయవలెను. జర్మనీలో ఇంట చేరిన రెండు వారములలో స్థానిక కార్యాలయమున నమోదు చేసికొనవలెను. ఆ నమోదునకు ఇంటి యజమాని వ్రాసియిచ్చు ధ్రువపత్రము 2015 నవంబరు నుండి తప్పనిసరి. ఆ నమోదు పత్రము లేనిదే అక్కడ పెక్కు పనులు సాగవు. కనుక లేని ఇంటికి డబ్బు కట్టినవాడు ధనమును కోల్పోవుటయే గాక, చట్టము కోరు చిరునామా లేనివాడై నిలుచును.

చిరునామా వలన ఎంతటి ప్రమాదము రాగలదో తెలుపుటకు తెలుగువారికి సంబంధించిన నిజ వృత్తాంతము ఒకటి కలదు. కాలిఫోర్నియా రాష్ట్రములో ప్లెజంటన్ అను పట్టణమున ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయ మను పేరుతో ఒక సంస్థ ఉండినది. 2011 జనవరిలో అమెరికా అధికారులు దానిపై దాడి చేసి మూసివేసినారు. అందలి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో ఆంధ్రదేశము నుండి పోయినవారు పెక్కుమంది. ఆ సంస్థ ప్రభుత్వమునకు పంపిన లెక్కలలో సగమునకు పైగా విద్యార్థులు సన్నీవేల్ పట్టణములోని ఒకే ఒక అపార్టుమెంటులో నివసించుచున్నట్లు చూపబడినది! వందలమంది ఒక గదిలో ఉండుట సాధ్యమా యని అడిగిన చాలును, గుట్టంతయు బయటపడును. వారు నిజముగా వేర్వేరు రాష్ట్రములలో ఉండినారు. కొందరు విద్యార్థుల కాళ్ళకు జాడ తెలుపు పరికరములను బిగించిన వార్త విని ఆనాడు తెలుగునాట తల్లిదండ్రులు తల్లడిల్లినారు. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో 16 సంవత్సరములకు మించిన కారాగార శిక్ష పడినది. అది బాడుగ మోసము కాదు, నిజమే. కాని మన పేరిట ఒక చిరునామా వ్రాయబడినపుడు అది నిజమైనదేనా యని మనమే పరీక్షించుకొనవలె నను పాఠమును అంతకంటె గట్టిగా చెప్పు ఉదంతము మరియొకటి లేదు.

మోసము జరుగు తీరు

వంచకుల వేషములు పెక్కులైనను పద్ధతులు కొన్నియే. వాని నెరిగియుండుట మేలు.

మొదటిది, లేని ఇంటిని చూపుట. అంతర్జాలములో అమ్మకమునకో, బాడుగకో పెట్టిన వేరొకరి ఇంటి ఛాయాచిత్రములను తీసికొని, చిరునామాతో సహా తన ఇంటిగా ప్రకటించుట. ఇల్లు నిజముగా ఉండును. ఇచ్చుటకు వానికి హక్కు ఉండదు. బాడుగ మాత్రము ఆ వీధిలోని ఇతర ఇండ్లకంటె చాల తక్కువగా ఉండును. ఆ తక్కువతనమే గాలమునకు గ్రుచ్చిన ఎర.

రెండవది, దూరమున నున్న యజమాని. "మేము ఉద్యోగరీత్యా వేరు దేశములో ఉన్నాము, ఇల్లు చూపుటకు ఎవరును లేరు, అడ్వాన్సు పంపినచో తాళపుచెవి కొరియరులో వచ్చును" అని జాబు వచ్చును. తన సంసారము, తన సత్కార్యములు గూర్చి పొడవుగా వ్రాయును. తాళపుచెవి మాత్రము రాదు.

మూడవది, ఒకే గదిని పదుగురికి ఇచ్చుట. ఇతడు నిజముగా ఆ ఇంట ఉన్నవాడే. కాని తానే బాడుగకు ఉండి, యజమాని అనుమతి లేక, ఒకే మంచమును అనేకులకు అమ్మి, సెలవులలో మాయమగును. సెప్టెంబరులో చదువులు మొదలగు నాటికి పెట్టెలు పట్టుకొని ముగ్గురు నలుగురు ఒకే తలుపు తట్టుదురు.

నాలుగవది, కాగితముల దొంగతనము. ఇంటి నిమిత్తమని పాస్‌పోర్టు, వీసా, బ్యాంకు లెక్కల నకళ్ళను అడిగి తీసికొని, వానితో మరియొకరిని మోసగించుట. ఇక్కడ మన డబ్బు పోకపోయినను మన పేరు పోవును.

ఈ నాలుగింటికిని సామాన్యమైన లక్షణము తొందర. "మరి ఇద్దరు అడుగుచున్నారు, ఈ రాత్రికే పంపవలెను" అను మాట లేని మోసము అరుదు. "ఆలస్యం అమృతం విషం" అను మాటను మంచిపనికై చెప్పినారు గాని, తెలియనివాని చేతిలో డబ్బు పోయుటకు చెప్పలేదు.

దూరదేశముల మాట ఏల? మన ముంగిటనే ఇట్టి మోసము కలదు. తిరుమలలో గదులు ఇప్పించెదమని నకిలీ వెబ్‌సైట్లు పుట్టి యాత్రికుల డబ్బును కాజేసినందున దేవస్థానము వారు పలుమార్లు హెచ్చరికలు చేసి, పోలీసులకు ఫిర్యాదులు ఇచ్చినారు. యాత్రికుడు, విద్యార్థి ఇద్దరిదీ ఒకే స్థితి: చేరు దినము నిశ్చయము, స్థలము అపరిచితము, తల దాచుకొనక తప్పదు.

మనవారు ఏల చిక్కుచున్నారు?

ఒక కారణము మన అలవాటు. బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్సుగా ఇచ్చు ఆచారము చిరకాలముగా ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల బాడుగకు మించిన డిపాజిట్టు కూడదన్నది. అయినను అది రాష్ట్రములు స్వీకరించిననే అమలగును. పెద్ద మొత్తము ముందుగా ఇచ్చుటకు అలవాటుపడిన కుటుంబమునకు, లండనునుండి ఎవడో ఆరు నెలల బాడుగ అడిగినపుడు అనుమానము కలుగదు.

రెండవ కారణము భాషాభిమానము. పరదేశములో తెలుగుమాట వినబడిన చాలును, మన గుండె కరగును. "అన్నా, మనది చిత్తూరు జిల్లానే" అన్నవాని ఊరేదో, ఇంటిపేరేదో అడుగకయే నమ్ముదుము. విదేశములలో తోటి తెలుగువారు చేయు సహాయము అపారము. దానిని కాదనుట కృతఘ్నత. కాని భాష పరిచయమునకు ద్వారమే గాని పూచీకత్తు కాదు.

మూడవ కారణము అప్పు. పొలము కుదువబెట్టి, బ్యాంకు ఋణము తీసికొని పంపిన తండ్రికి మరల ఒక లక్ష అదనపు ఖర్చు భయంకరముగా తోచును. అందుచే చౌకగా దొరకినదానిపై చేయి వేయును. చౌకయని పట్టినది తుదకు అన్నింటికంటె ప్రియమగును.

పరీక్షించు విధానము

మన ఊరిలో ఒక కుంట నేల కొనదలచినను ఇ.సి. తీయించుదుము, అడంగలు చూతుము, 1-బి అడుగుదుము, హద్దులు కొలిపింతుము. ఆ బుద్ధినే విదేశమునకును తీసికొనిపోవలెను. అక్కడను అట్టి సదుపాయములు ఉన్నవి. ఇంగ్లండు, వేల్స్ దేశములలో ల్యాండ్ రిజిస్ట్రీ వారికి స్వల్ప రుసుము చెల్లించినచో ఏ ఇంటికి ఎవరు యజమానియో తెలుపు పత్రము ఎవరికైనను లభించును. అమెరికాలో అనేక కౌంటీలలో ఆస్తిపన్ను దప్తరములను అంతర్జాలములోనే చూడవచ్చును. బాడుగ అడుగుచున్నవాని పేరు, దప్తరములోని పేరు ఒకటి కానిచో, యజమాని తరఫున వ్యవహరించుటకు వానికి అధికారపత్ర మున్నదా యని అడుగవలెను.

ఇంటి ఛాయాచిత్రములను అంతర్జాలములో చిత్రమునుబట్టి వెదకు సదుపాయముతో వెదకవలెను. అదే వంటగది మరియొక నగరములో మరియొక పేరుతో కనబడినచో సంగతి తేలినట్లే. వీడియో కాల్‌లో ఇంటిని అప్పటికప్పుడు చూపుమని అడుగవలెను. ముందే తీసిన చిత్రము చాలదు. వీధి పేరు పలక నుండి నడచి, తలుపు తీసి, కుళాయి త్రిప్పి చూపుమనవలెను. నిజమైన యజమాని విసుగుకొనినను చూపును; వంచకుడు సాకులు చెప్పును.

విశ్వవిద్యాలయములలో వసతి కార్యాలయములుండును. ప్రవేశపత్రము వచ్చిన మరునాడే వసతిగృహమునకు దరఖాస్తు పెట్టుట ఉత్తమము. జర్మనీలో విద్యార్థి సేవాసంస్థలే వసతిగృహములను నడుపును. వరుసక్రమము పొడవైనది గనుక ముందు అడిగినవానికి మేలు. గది దొరకనిచో, తొలి రెండు వారములకు పేరుగల హోటలులోనో, హాస్టలులోనో తాత్కాలికముగా దిగి, అక్కడినుండి ఇండ్లను స్వయముగా చూచుకొనుట క్షేమము. ఆ రెండు వారముల ఖర్చు దండుగ కాదు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని ఇందుకే అన్నారు.

ఇక డబ్బు పంపు విధము. ఇల్లు చూడక, ఒప్పందము చేతికి రాక, డబ్బు పంపరాదు. వెస్ట్రన్ యూనియన్ వంటి మార్గములు, గిఫ్టు కార్డులు, క్రిప్టో నాణెములు—ఇట్టి రూపములలో బాడుగ అడుగువానిని అక్కడనే విడిచిపెట్టవలెను. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషను వారు చేయు హెచ్చరికయు ఇదే. ఏలననగా ఆ మార్గములలో పోయిన సొమ్ము తిరిగి వచ్చుట దుర్లభము. గుర్తింపు పత్రముల నకలు ఇవ్వవలసి వచ్చినచో దానిపై అడ్డముగా "బాడుగ నిమిత్తము మాత్రమే" అని ఆంగ్లములో వ్రాసి తేదీ వేయవలెను.

ఇచట ఒక మాట. మన తెలుగునాట బాడుగ అన్నను, అద్దె అన్నను, కిరాయి అన్నను ఒకటే. ఈ వ్యవహారమునకు వలయు రసీదు, దస్తావేజు అను మాటలు పారసీకమునుండి ఉర్దూ ద్వారా మనకు చేరి, నేడు అచ్చ తెలుగు పలుకులవలె మన ఇండ్లలో చెల్లుచున్నవి. రెండు భాషలవారును ఇచ్చిపుచ్చుకొన్న మాటలలో ఇవి ముఖ్యమైనవగుటకు కారణము స్పష్టము: నోటిమాటకంటె వ్రాతకు విలువ ఎక్కువయని ఇరువురును ఎరుగుదురు.

ఆయా దేశముల చట్టములు

చట్టము తెలిసినవానిని మోసగించుట కష్టము. కొన్ని దేశముల నియమములను సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఇంగ్లండులో యజమాని తీసికొన్న డిపాజిట్టును ప్రభుత్వము ఆమోదించిన పథకములలో ఒకదానియందు 30 దినములలోపల భద్రపరచవలెను. 2019 చట్టము ననుసరించి, సాలుకు 50,000 పౌనులకు తక్కువ బాడుగ గల ఇండ్లకు డిపాజిట్టు ఐదు వారముల బాడుగకు మించరాదు. ఇంటిని నిలిపియుంచుటకు తీసికొను సొమ్ము ఒక వారపు బాడుగకు మించరాదు.

జర్మనీలో డిపాజిట్టు మూడు నెలల మూల బాడుగకు మించరాదు. దానిని మూడు సమాన వాయిదాలలో కట్టు హక్కు బాడుగదారునకు కలదు. మొదటి వాయిదా బాడుగ ఆరంభమైననాడు చెల్లించవలసినది. తాళపుచెవి ఇవ్వకముందే మొత్తము పంపుమనువాడు చట్టము కోరనిదానిని కోరుచున్నాడని గ్రహించవలెను.

ఐర్లండులో 2021 ఆగస్టు నుండి డిపాజిట్టుగా ఒక నెల, ముందస్తు బాడుగగా ఒక నెల—అంతకు మించి అడుగరాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో డిపాజిట్టు నాలుగు వారముల బాడుగకు మించరాదు. అది యజమాని జేబులో గాక ప్రభుత్వ సంస్థ వద్ద ఉండవలెను.

అమెరికాలో రాష్ట్రమునకొక చట్టము. న్యూయార్కులో 2019 నుండి డిపాజిట్టు ఒక నెల బాడుగకు పరిమితము. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుండి సామాన్యముగా ఒక నెలయే. చిన్న యజమానులకు కొంత మినహాయింపు కలదు. టెక్సాసులో పరిమితి లేదు. అయినను ఇల్లు ఖాళీ చేసి, తన నూతన చిరునామా వ్రాసియిచ్చిన బాడుగదారునకు 30 దినములలో లెక్క తేల్చవలెను.

చదువులకు గాక పనులకు గల్ఫు దేశములకు పోవువారు కడప, అన్నమయ్య, చిత్తూరు, తిరుపతి జిల్లాలలో అనేకులు. కువైట్ వంటి చోట్ల ఇంటిపనికి పోవువారికి వసతి యజమాని బాధ్యత. ఒప్పందములో వసతి యజమానిదని ఉండగా, గది అడ్వాన్సు పేరుతో ఇక్కడి దళారి ఒక్క రూపాయి అడిగినను అది మోసమే. 1983 వలస చట్టము క్రింద నమోదైన ఏజెంటు అగునో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. దుబాయిలో బాడుగ ఒప్పందములను 'ఈజారీ' అను ప్రభుత్వ పద్ధతిలో నమోదు చేయుదురు. ఆ నమోదు లేని గదిలో మంచము కొన్నవాని మాటకు ఆధారము ఉండదు.

మోసపోయిన పిమ్మట

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు పొరపాటు జరుగవచ్చును. అప్పుడు సిగ్గుపడి ఊరకుండుట రెండవ నష్టము. గడియలు విలువైనవి. సొమ్ము పంపిన బ్యాంకునకు వెంటనే తెలుపవలెను. భారతదేశములోని ఖాతా నుండి పోయినచో 1930 అను సంఖ్యకు ఫోను చేసి, జాతీయ సైబర్ నేరముల ఫిర్యాదు వెబ్‌సైటులో నమోదు చేయవలెను. సొమ్ము ఇంకను ఖాతాలలో ఉండగానే నిలుపుట సాధ్యము. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును. ప్రకటనలు, జాబులు, వాట్సాప్ సంభాషణలు, చెల్లింపు రసీదులు—ఏ ఒక్కటియు చెరిపివేయరాదు. ఆ దేశపు పోలీసులకు, విశ్వవిద్యాలయములోని విదేశీ విద్యార్థుల కార్యాలయమునకు తెలుపవలెను. ఆపదలో నున్నవారు భారత రాయబార కార్యాలయమునకును, విదేశాంగశాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' వేదికకును విన్నవించుకొనవచ్చును. అన్నిటికంటె ముందు తల్లిదండ్రులకు చెప్పవలెను. మోసపోయినవాడు నేరస్థుడు కాడు. మోసమును దాచినచో అదే వంచకుడు రేపు మన పక్క ఊరి పిల్లవానిని పట్టును.

కళాశాల చేయదగినది

మేము మొదట చెప్పిన మూడు రక్షణలలో, నడుమ తెలిసినవాడు ఒకడుండుట యనునది నేటికిని సాధ్యమే. మన పూర్వ విద్యార్థులలో చెన్నపట్టణము దాటి సముద్రములు దాటినవారును ఉందురు. ఏ విద్యార్థి ఏ నగరములో ఉన్నాడో తెలుపు ఒక దప్తరమును, వారి అనుమతితో, గ్రంథాలయమున ఉంచినచో ఎంతయో మేలు. డబ్లిన్‌లోనో, డాలస్‌లోనో నున్న ఒక అన్న, ఒక అక్క ఆదివారము ఒక గంట వెచ్చించి ఆ వీధికి పోయి తలుపు తట్టి చూచినచో, ఇక్కడ ఒక కుటుంబము యొక్క అప్పు రెట్టింపు కాకుండ ఆగును. దీనికి ధనవ్యయము లేదు. ఒక పుస్తకము, ఒక బాధ్యుడు చాలును. ఈ విషయమును కళాశాల కమిటీ వారి దృష్టికి వినయపూర్వకముగా తెచ్చుచున్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి మన మండలము అందు చేరిన పిమ్మట, పాత పత్రములలో చిత్తూరు జిల్లా, కొత్త పత్రములలో తిరుపతి జిల్లా అని ఉన్నందున కలుగు చిక్కు మీలో కొందరికి అనుభవమే. మన ఊరిలోనే చిరునామాలో ఒక్క మాట మారిన అంత ప్రయాసము. పరదేశములో చిరునామాయే అబద్ధమైనచో ఏమగునో మీరే ఊహించగలరు. ధైర్యముగా పోవుడు, చక్కగా చదువుడు. కాని ఇంటిని కంటితో చూడక, మనిషిని గుర్తెరుగక, వ్రాతపూర్వకమైన ఒప్పందము లేక, ఎవరికిని అడ్వాన్సు పంపకుడు. ఈ నియమమును మీ చెల్లెండ్రకు, తమ్ములకు కూడ చెప్పుడు.